సిద్దికా పెళ్ళి మిరపకాయలు

అద్దంకి,
ఫిబ్రవరి 10.

బ్రాడీపేట మహారాణి ఖైరున్నీసాకి,

ఏమే, గుంటూరులో కాపురం ఉంటే అద్దంకిని మర్చిపోవాలని రూలేమన్నా ఉందా? ఫోన్లు చేస్తున్నావు, కాదనను. మా చేను దగ్గర టవరు బాగుండటం లేదు. నీ మాట సగం వినిపిస్తుంది, సగం గాల్లో పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నా. నువ్వూ ఉత్తరమే రాయి. హైస్కూల్లో నీ పక్కన కూర్చుని, నీ పేపరు చూసి రాసి పాసైనదాన్ని. నీ చేతిరాత నాకు కొత్త కాదు.

అసలు సంగతి. రంజాన్ వెళ్ళాక సిద్దికా పెళ్ళి అన్నావు కదా. దాని మూడో ఏట మా చేలోకి తీసుకొచ్చావు, గుర్తుందా? పండుమిరపకాయ కొరికి ఊరంతా ఏకం చేసింది. నేను దాని నోట్లో బెల్లం ముక్క పెట్టి, "ఏడవకే, నీ పెళ్ళికి నా కాయలే, నా కారమే" అని మాటిచ్చాను. ఇవాళ బస్సు పార్శిల్లో ఒక బస్తా తేజ కాయలు వేయించాను. మొదటి కోత. తాలుకాయ ఒక్కటి లేకుండా నేనే కూర్చుని ఏరాను. ఒక్క కాయ విరగలేదు, ఒక్క తొడిమ ఊడలేదు. ఆ పెళ్ళి వంటల్లో బజారు కారం చెంచాడు పడినా పందిట్లోనే అలుగుతాను, ముందే చెబుతున్నా.

అందగానే రాయి.

నీ సుబ్బులు


గుంటూరు,
ఫిబ్రవరి 17.
(రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం)

సుబ్బులూ,

బస్తా నిన్న చేరింది. మూతి విప్పగానే ముక్కకంపు కొట్టింది. ముప్ఫై నాలుగేళ్ళు క్లినిక్కు ల్యాబులో పనిచేసిన ముక్కు ఇది, మొహమాటం తెలియదు. ఒక కాయ విరిచాను. లోపల గింజల చుట్టూ బూడిదరంగు బూజు. పది కాయలు విరిస్తే ఏడింటిలో ఉంది. రిటైరైన రోజు డాక్టరుగారు ఇచ్చిన పాత మైక్రోస్కోపు అటక మీద నుంచి దించి చూశాను. అనుమానం లేదే.

పైకి చూస్తే ఎంత ఎర్రగా, ఎంత నిగనిగలాడుతూ ఉన్నాయో. ఒక్క తొడిమ ఊడలేదన్నావు, నిజంగానే ఊడలేదు. అన్నీ నువ్వు చేత్తో ఏరినవే. ఇవి నాలుగొందల మందికి వండి పెట్టలేను. పెట్టలేనని నీకు చెప్పనూ లేను. ఇరవై నాలుగేళ్ళు దాచుకున్న మాట నీది. ఏం రాయను?


గుంటూరు,
ఫిబ్రవరి 18.

ప్రియమైన సుబ్బులూ,

బస్తా అందింది. రంగు చాలా బావుంది. అందరం సంతోషించాం.

ఎన్ని రోజులు ఎండబెట్టావు? ఊరికే అడుగుతున్నా.

ఇక్కడ అంతా క్షేమం. రిటైరైనా క్లినిక్కు వాళ్ళు నన్ను వదలడం లేదు. మొన్న పొన్నూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చెవి వినపడటం లేదని నాలుగు నెలలుగా వెల్లుల్లి కాచిన నూనె పోసుకుంటున్నాడట. డాక్టరు చెవిలోంచి తడిసిన న్యూస్‌పేపరు ముక్కలాంటిది తీశాడు, తెల్లటి దాని మీద నల్లటి చుక్కలు. నన్ను పిలిచి చూడమన్నారు. అదంతా బూజు! చెవిలో బూజు! శుభ్రం చేసి మందు వెయ్యగానే ఆయనకు మళ్ళీ వినపడింది. బయట ఆటో హారనుకి ఉలిక్కిపడ్డాడు పాపం.

నీ టవరు సంగతి ఏమిటి? చెవి ఒకసారి చూపించుకోకూడదూ?

నీ ఖైరూ


అద్దంకి,
ఫిబ్రవరి 26.

ఖైరూ,

నా చెవికేమొచ్చిందే? బంగారం లాంటి చెవి. టవరు బాగా లేదంటే టవరే బాగా లేదు.

"రంగు చాలా బావుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఘాటు చూశావా? వేయించి చూశావా? తుమ్ములు వచ్చాయా? పిసినారిదానా, మాటలకేం డబ్బులు పెట్టాలా!

ఎన్నాళ్ళు ఎండబెట్టావంటావా, పదిరోజులు. మధ్యలో రెండు రోజులు మబ్బు. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి కదా, నేనే ఊపి చూశాను. గలగలమన్నాయి. బస్తాకెత్తే ముందు రోజు సాయంత్రం కల్లంలో నీళ్ళు చిలకరించాను. అందరం చేసేదే. కాయ కాస్త మెత్తబడితే తొక్కి కట్టేటప్పుడు విరగదు. పెళ్ళివారింటికి వెళ్ళే కాయలని ఈసారి రెండు బిందెలు ఎక్కువే చల్లాను.

ఆ చెవి బూజు సంగతి మా ఇంట్లో అందరికీ చెప్పాను. నవ్వలేక చచ్చారు. అసలు ఈ బూజంటే ఏమిటే? చెట్టా, పురుగా? నీకు తెలిసిందంతా రాయి. మధ్యాహ్నాలు పొద్దుపోవడం లేదు.

సుబ్బులు


గుంటూరు,
మార్చి 6.

సుబ్బులూ,

అడిగావు కాబట్టి పాఠం మొదలుపెడుతున్నా. రోజా ఉపవాసంలో ఉన్నాను, మధ్యాహ్నం నాకూ పొద్దుపోవడం లేదు. ఈసారి కాపీ కొట్టకుండా బుర్రకెక్కించుకో.

బూజు, పుట్టగొడుగు, ఈస్టు, తామర, పైరుకు వచ్చే బూడిద తెగులు అన్నీ ఒకే వంశం. పుస్తకాల్లో శిలీంధ్రాలంటారు. చెట్టూ కాదు, పురుగూ కాదు. చెట్టుకి పచ్చదనం ఉంది, ఎండలో తన తిండి తనే వండుకుంటుంది. వీటికి ఆ వంట రాదు. మనలాగే ఇంకొకరి కష్టం మీద బతకాలి. మనం తిన్నాక కడుపులో అరిగించుకుంటాం. ఇవి ముందు బయటే అరిగించి, ఆ తర్వాత పీల్చుకుంటాయి. ఒళ్ళంతా సన్నటి దారాలు. వానకు లేచే పుట్టగొడుగు ఉందే, అది కాయ మాత్రమే. అసలు మనిషి మట్టి కింద దారాలు పరుచుకుని ఉంటాడు. వీటి విత్తనాలు పిండి కన్నా సన్నం. గాల్లో ఎప్పుడూ ఉంటాయి. నువ్వు ఇప్పుడు పీల్చే గాల్లోనూ ఉన్నాయి. తేమ దొరికిన చోట మొలుస్తాయి.

తిట్టుకోకు, వీటివల్ల మేలే ఎక్కువ. రాలిన ఆకు, మీ చేలో దున్నేసిన పత్తికట్టె మట్టిలో కలుస్తున్నాయంటే వీటి పుణ్యమే. బేకరీలో బన్ను పొంగేది ఈస్టుతో. కల్లు పులిసేదీ దానితోనే. ఇడ్లీపిండిలో ఎక్కువ కష్టం బ్యాక్టీరియాది, ఈస్టు ఒక చెయ్యి వేస్తుంది. సిద్దికా పుట్టాక నాకు జ్వరం వచ్చి పది రోజులు మంచం పట్టాను చూడు, అప్పుడు పొడిచిన పెన్సిలిన్ ఇంజక్షను పుట్టింది బూజులోంచే. మీరు పశువుల ఎరువులో కలిపే ట్రైకోడెర్మా పొడి కూడా బతికున్న శిలీంధ్రమే. మిరప వేళ్ళను కుళ్ళబెట్టే చెడ్డ శిలీంధ్రాల మీద పడి తినేస్తుంది.

చెడ్డవాటి సంగతి తర్వాత రాస్తా.

ఖైరూ


అద్దంకి,
మార్చి 15.

టీచరమ్మకి నమస్కారం!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ట్రైకోడెర్మా అన్నావు చూడు, అక్కడ నాలుక్కరుచుకున్నాను. నిరుడు ఎరువులో ఆ పొడి కలిపి చల్లించి, "ఎందుకైనా మంచిది" అని మర్నాడే మొదళ్ళలో తెగులుమందు పోయించాను! పిలిచి పీట వేసి, విస్తట్లో విషం వడ్డించినట్టయింది. ఆ పొడి పని చెయ్యలేదని కొట్టువాడిని నెల రోజులు తిట్టాను కూడా. నిన్న వెళ్ళి "తప్పు నాదేనయ్యా" అని చెప్పొచ్చాను. వాడు నన్ను చూసి భయపడ్డాడు.

ఇంకోటి. మా కల్లంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న యలమందయ్య తెలుసుగా. నడుం దగ్గర గోక్కుంటూ ఉంటాడు. నిన్న సెంటర్లో కనపడితే అడిగాను, "ఏరా యలమందయ్యా, నీ నడుం మీద తామరేనా? అది పుట్టగొడుగుకి చుట్టంట్రా!" అని. నేను మెల్లగానే అడిగాననుకున్నా. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. వాడు లుంగీ బిగించుకుని పరుగు. సాయంత్రం గోడ పక్కన నిలబడి, "అమ్మగోరూ, మందుల షాపులో ట్యూబు ఇచ్చారు, పూస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ రెట్టింపు అవుతోంది" అన్నాడు. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. ఏం చెయ్యాలో రాయి.

చెడ్డవాటి సంగతీ రాయి. భయపెట్టినా పర్వాలేదు.

నీ స్టూడెంటు సుబ్బులు


గుంటూరు,
మార్చి 25.

సుబ్బులూ,

పండగ బాగా జరిగింది. సేమ్యా తింటుంటే నువ్వే గుర్తొచ్చావు.

యలమందయ్యని ఆ ట్యూబు వెంటనే ఆపమను. అందులో స్టెరాయిడు కలిపి ఉంటుంది. దురద అణుగుతుంది, లోపల తామర హాయిగా పాకుతుంది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళి, తగ్గిపోయిందని మధ్యలో మానకుండా, చెప్పినన్ని వారాలూ మందు వాడాలి. లుంగీలు వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఇంట్లో వాళ్ళ తువాలు వాడకూడదు. ఈసారి సెంటర్లో చెప్పకు తల్లీ.

ఇక చెడ్డవి. కొన్ని బూజులు విషం విడుస్తాయి. కంటికి కనపడదు. బూజు తుడిచేసినా అది ఉంటుంది. ఉడికించినా, వేయించినా పోదు. ఒక్కరోజులో ఎవరూ పడిపోరు కానీ, కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరితే కాలేయాన్ని తినేస్తుంది. వేరుశనగల్లో వస్తుంది, మొక్కజొన్నల్లో వస్తుంది. సరిగ్గా ఎండని మిరపకాయల్లో కూడా వస్తుంది. పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది కాయ. లోపల గింజల చుట్టూ బూజు పడుతుంది. పచ్చి ఆరకముందే నీళ్ళు చిలకరించి బస్తా బిగిస్తే ఇంక అడగక్కర్లేదు.

మీ ఇంట్లో మొదటి కోత కాయలు మిగిలి ఉంటే ఒక నాలుగు విరిచి చూడు సుబ్బులూ.

ఖైరూ


అద్దంకి,
మార్చి 31.

ఖైరున్నీసా,

విరిచాను. ఎన్ని విరిచానో చెప్పను.

"రంగు చాలా బావుంది. అందరం సంతోషించాం." ఈ ముక్క రాసింది నువ్వేనా? ఇంట్లో మైక్రోస్కోపు పెట్టుకున్న మనిషివి, కాయ విరవకుండా ఉంటావా? ఆ రోజే చూశావు. చూసి, నాకు పుట్టగొడుగుల పాఠాలు చెప్పావు. నేను పిచ్చిదానిలా ఊరంతా తిరిగి నీ పాఠాలు అప్పజెప్పాను. ఆ కోతలోనే మా ఇంటికని ఉంచుకున్న కాయల్లోంచి మేం నెలన్నర తిన్నాం. ఆ సంగతి తలచుకున్నావా?

పెళ్ళికి ఎవరి కారం కొన్నావు?

సుబ్బరావమ్మ


గుంటూరు,
ఏప్రిల్ 3.

సుబ్బులూ,

దీనితోపాటు ఇంకో కాగితం పెట్టాను. ఫిబ్రవరి పదిహేడున రాసింది. పోస్టు డబ్బా దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చుకున్నది. చదువు.

నీ మనసు కష్టపెట్టకూడదని దాచానని రాద్దామనుకున్నా. అది సగమే. నువ్వు అరుస్తావని భయపడ్డాను. చిన్నప్పటి నుంచీ నీ అరుపంటే నాకు భయం. నువ్వు తిన్నావన్న మాట చదివి నిన్న అన్నం సయించలేదు. ల్యాబులో ఏ రోగికీ రిపోర్టు దాచలేదు నేను. నీకు దాచాను. తప్పు చేశాను, ఇంతకు మించి సర్దిచెప్పుకోను. మిగిలినవి వెంటనే పారేయండి. నెలన్నరకి ఏమీ కాదు కానీ, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. ఆ ఖర్చు కూడా నాదే.

నీ బస్తాని ముక్కుకి గుడ్డ కట్టుకుని దగ్గరుండి గొయ్యి తీయించి పూడ్పించాను. బజారులో కారం కొన్నాను. ఆ డబ్బా మూత ఇంకా తియ్యలేదు. సిద్దికా రోజూ అడుగుతోంది, "పెద్దమ్మ కాయలు ఎప్పుడు దంచుతావమ్మా" అని. దానికీ చెప్పలేదు.

పెళ్ళి ఇరవై ఆరున. కారం లేకపోయినా నువ్వు రావాలి.

ఖైరూ


అద్దంకి,
ఏప్రిల్ 8.

ఒసే ఖైరూ,

అరుస్తానని భయమా! పోస్టు చెయ్యని ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. అరవై ఏళ్ళు దగ్గరపడ్డా నా అరుపుకి భయపడే మనిషి ఒకతి ఉందంటే గర్వంగానే ఉంది. డాక్టరుకి చూపించుకున్నాం. అందరం గుండ్రాళ్ళలా ఉన్నామన్నాడు.

నువ్వొక్కదానివే దాచావనుకుంటున్నావా? నేనూ దాచాను. విను.

టవరు బాగానే ఉందే. నా చెవే పోతోంది. ఏడాదిన్నర అయింది. ఎవరికీ చెప్పలేదు. బస్తా కట్టే రోజున యలమందయ్య ఒక కాయ ఊపి, "అమ్మగోరూ, ఇంకా మోగడం లేదు, రెండెండలు పడాలి" అన్నాడు. నేను కాయ లాక్కుని చెవి దగ్గర ఊపాను. నాకేమీ వినపడలేదు. ఎండిన కాయ ఊపినా నాకు వినపడదు, పచ్చికాయ ఊపినా వినపడదు. మోగలేదంటే నా చెవి సంగతి బయటపడుతుందని, "గలగలమంటోంది కదరా, నీకు చెవుడా" అని వాడినే కసిరాను. వాడు బస్తా మూతి కుట్టేశాడు. నీకు రాసింది కూడా అబద్ధమే. మన సిద్దికా పెళ్ళి కాయల్ని పాడు చేసింది నీళ్ళు ఒక్కటే కాదు, నా బింకం కూడా.

డాక్టరు చెవి కూడా చూశాడు. నీ పొన్నూరు పెద్దాయనలా బూజే ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బూజు లేదట, వయసట! మిషను ఇచ్చాడు. పెట్టుకుంటే కోళ్ళ అరుపులు బుర్రలో దూరుతున్నాయి. అలవాటవుతుందన్నాడు.

ఇప్పుడు ఆఖరి కోత కాయలు కల్లంలో ఉన్నాయి. తొమ్మిదో ఎండ. నేల మీద కాదు, మంచాల మీద వల పరిచి ఆరబోశాను. చుక్క నీళ్ళు చల్లనివ్వను. యలమందయ్యని పిలిచి, "నా చెవి బదులు నీ చెవి పెట్టరా, నువ్వు సరే అన్నాకే కడతా" అన్నాను. వాడు ఇరవై ఏళ్ళలో మొదటిసారి నన్ను చూసి జాలిపడ్డాడు. తర్వాత ప్రతి మంచం దగ్గరా కూర్చుని ఒక్కొక్క కాయే ఊపి చూస్తున్నాడు. వాడి తామర కూడా తగ్గుముఖం పట్టింది.

ఈసారి కాయలు విరుగుతాయి. విరగనీ. దంచేవే కదా. బస్తా చేరాక మర్యాద కోసం రుచి చూడకు. ముందు మైక్రోస్కోపు కింద పెట్టు. బాగా లేకపోతే బాగా లేదని రాయి. నేను అరుస్తాను, అయినా రాయి.

నీ చెవిటి సుబ్బులు


గుంటూరు,
ఏప్రిల్ 20.

రిపోర్టు

శాంపిల్: ఎండుమిరపకాయలు, తేజ రకం, అద్దంకి.
పంపినవారు: సుబ్బరావమ్మ.
సిఫార్సు చేసినవారు: యలమందయ్య గారి చెవి.
విరిచి చూసిన కాయలు: అరవై.
బూజు: కనపడలేదు.
విరిగిన కాయలు: లెక్కలేనన్ని.

సుబ్బులూ, మైక్రోస్కోపుకి విషం కనపడదు కాబట్టి, తెలిసిన ల్యాబుకి కూడా ఒక గుప్పెడు పంపాను. ఆ కాగితం ఇవాళ వచ్చింది. అదీ శుభ్రంగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్ని వేల రిపోర్టులు చేతిలోకి తీసుకున్నానో! కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివింది మాత్రం దీన్నే.

తర్వాత రుచి చూశాను. దగ్గి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ రుచి చూశాను. సిద్దికాకి మొదటి బస్తా కథంతా చెప్పేశాను. "పెద్దమ్మకి వినపడదని నాకెప్పుడో తెలుసు, ఫోన్లో నేను ఏమడిగినా 'తిన్నానమ్మా' అంటుంది" అంది. మన తెలివి ఇదీ.

వంటాయన ఆదాంకి చెప్పాను, నువ్వు వచ్చి నీ చేత్తో తీసిచ్చేదాకా కారం డబ్బా ముట్టుకోవద్దని. శుక్రవారానికల్లా బయల్దేరు.

ఖైరూ


గుంటూరు,
ఏప్రిల్ 30.

సుబ్బులూ,

క్షేమంగా చేరావా? మనిద్దరం మూడు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఎందుకంటావేమో. విందులో మైకు గోలకి మిషను కుయ్‌మంటోందని తీసి కొంగున ముడేసుకున్నావు. నువ్వు బంతిలో కూర్చుని అందరి మొహాలూ చూస్తూనే ఉన్నావు. నీకు వినపడనిదంతా రాస్తానని అప్పుడే అనుకున్నాను.

ఆదాం దాల్చా పప్పులో నీ కారం వేసి, గరిటె రుచి చూసి, "అమ్మా, ఇది కొంచెం వేస్తే చాలు, ఇన్నాళ్ళూ నేను వేసింది ఇటుకపొడి" అన్నాడు. నీ ఎదురుగా కూర్చున్న తెల్లచొక్కా ఆయన పెళ్ళికొడుకు మేనమామ. ఆయన చేతులూపి అరుస్తుంటే బాగా లేదంటున్నాడని నువ్వు మొహం ముడుచుకున్నావు, నేను చూశాను. ఆయన అరిచింది మంచినీళ్ళ కోసం. నాలుగు గ్లాసులు తాగి, మళ్ళీ బిర్యానీ వేయించుకున్నాడు. మా వీధి జాన్ బాషా భార్య కిలో కారం కావాలంది, లేదన్నాను. నీ వెనకాల కూర్చున్న ఇద్దరు మాత్రం మరీ ఇంత మంటా అన్నారు. నిజమే రాయమన్నావు కాబట్టి అదీ రాస్తున్నా.

చివరికి సిద్దికా పెద్దవాళ్ళందరికీ సలాం చెయ్యడానికి వచ్చింది కదా. నీ పక్కన నిలబడినప్పుడు దాని మామగారు అడిగారు, "ఏమ్మా, ఈ కారం ఏ షాపుది? మా ఇంటికీ తెప్పిద్దాం" అని. నేను నోరు తెరిచేలోపే అది నీ భుజం మీద చెయ్యి వేసింది.

"షాపు కాదు మామయ్యా, మా పెద్దమ్మ" అంది.

అందరూ నవ్వింది అప్పుడే. ఎందుకో తెలియకపోయినా నువ్వూ నవ్వావు. ఇదీ సంగతి.

నీ ఖైరూ